వయసుతో పాటు డోపమైన్ రిసెప్టార్లు తగ్గుతాయట, స్కాన్ తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 66 ఏళ్లు. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఈమధ్య తెలిసినవాళ్ల పేర్లు టక్కున గుర్తుకు రావడం లేదు, కాసేపటికి వాటంతట అవే వస్తున్నాయి. వయసు పెరిగేకొద్దీ మెదడులో డోపమైన్ రిసెప్టార్లు తగ్గిపోతాయని, పెట్ స్కాన్‌లో అది కనిపిస్తుందని ఒక వీడియోలో చూశాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర తప్ప ఏమీ వాడను. ఆ స్కాన్ తీయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, కానీ దాన్ని బట్టి మీ మెదడు ఎలా ఉందో చెప్పలేం.

డోపమైన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం, అది వచ్చి అతుక్కునే చోటే రిసెప్టార్. రాక్లోప్రైడ్ అనే పదార్థానికి రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి నరంలోకి ఎక్కిస్తే అది వెళ్లి డీ-2 అనే రకం రిసెప్టార్లను పట్టుకుంటుంది, ఎక్కడ ఎంత పట్టుకుందో స్కానర్ లెక్కగడుతుంది. తల కదలకుండా ముఖానికి సరిపోయే మాస్క్ బిగించి గంటసేపు పడుకోబెడతారు. కార్బన్-11 20 నిమిషాలకల్లా సగం తరిగిపోతుంది కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రం దగ్గర్లోనే ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది చేసేది పరిశోధన కోసమే. 1983లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో హెన్రీ వాగ్నర్ అనే డాక్టరు ఇలాంటి స్కాన్‌కి మొదట తన తలనే పెట్టాడు.

అప్పటి నుంచి జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్కవేస్తే, ప్రతి పదేళ్లకు డీ-1 అనే ఇంకో రకం రిసెప్టార్లు దాదాపు 14 శాతం, డీ-2 రకం దాదాపు 8 శాతం తగ్గుతున్నట్టు తేలింది. డోపమైన్‌ని తయారుచేసుకునే శక్తి మాత్రం పెద్దగా తగ్గలేదు, ఇది ఆ వీడియోలో చెప్పి ఉండరు. పైగా ఆ అంకెలు ఎక్కువగా కుర్రవాళ్లనీ పెద్దవాళ్లనీ పక్కపక్కన పెట్టి పోల్చినవి, ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూసినవి కావు. స్వీడన్‌లోని ఉమియోలో 64 నుంచి 68 ఏళ్ల 181 మందిని స్కాన్ చేసి, వాళ్లలో చాలామందిని ఐదేళ్లకు మళ్లీ చూస్తే తరుగుదల అనుకున్నంత వేగంగా లేదు. డీ-2కీ జ్ఞాపకశక్తికీ కొంత సంబంధం ఉందని ఆ అధ్యయనంలో కనిపించిన మాట నిజమే, కానీ అది గుంపు మొత్తం మీద తేలిన సంగతి. ఒకే వయసువాళ్లలోనే మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది, కాబట్టి మీ ఒక్కరి అంకె చేతికొచ్చినా దాన్ని బట్టి నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. పేరు కాసేపటికి గుర్తొస్తోందన్నారు కదా, ఈ వయసులో అది మామూలే. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం ఉంటే అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

నాకు అసలు పట్టింది మీ గ్యాస్ మాత్ర. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో పాంటోప్రజోల్‌తో గానీ రాబెప్రజోల్‌తో గానీ కలిపి 'లీవోసల్పిరైడ్' అని ఉందేమో కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. అది సరిగ్గా ఈ డీ-2 రిసెప్టార్లనే మూసేస్తుంది. వయసుతో అవి ఇప్పటికే కొంత తగ్గి ఉంటాయి, మిగిలినవాటిని మందు మూసేస్తే చేతి వణుకు, బిగుసుకుపోవడం, నడక నెమ్మదించడం అచ్చం పార్కిన్సన్స్ జబ్బులోలాగే వస్తాయి. నెలల తరబడి ఆ మాత్ర వాడి వణుకుతో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను, మాత్ర మాన్పించాక చాలామందికి మెల్లగా తగ్గింది. ఏళ్ల కిందట ఎవరో రాసిచ్చిన చీటీతో మెడికల్ షాపులో కొనుక్కుంటూ పోవడం వల్లే ఇలా జరుగుతోంది, చూస్తుంటే బాధేస్తుంది. కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజిన్, వాంతులకు వాడే మెటాక్లోప్రమైడ్ కూడా ఇలాంటివే.

ఆ పేరు కనిపిస్తే మీ అంతట మీరు ఆపేయకుండా స్ట్రిప్ పట్టుకెళ్లి డాక్టరుకి చూపించి, ఇది ఇంకా అవసరమా అని అడగండి. టీచరుగా చేశారు కాబట్టి ఇంకో పని కూడా చేయండి. ఇలా చేయి బిగుసుకుపోతే చేతిరాత కూడా చిన్నదవుతుంది. కాగితం మీద నాలుగు లైన్లు రాసి మీ పాత నోట్సు పక్కన పెట్టి చూడండి, అక్షరాలు బాగా చిన్నవైపోయి ఉంటే ఆ రెండు కాగితాలు కూడా వెంట తీసుకెళ్లండి.