వయనాడ్ కొండచరియల మ్యాప్‌కి ఏహెచ్‌పీ మంచిదా, రాండమ్ ఫారెస్టా?

వయనాడ్‌లో కొండచరియలు ఎక్కడ విరిగిపడొచ్చో చూపే మ్యాప్ మీద ఎంటెక్ ప్రాజెక్టు, చేతిలో 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ మ్యాప్) ఉంది, ఏహెచ్‌పీ (నిపుణుల అంచనాతో ఒక్కో కారణానికి వెయిట్ ఇచ్చే పద్ధతి) వాడాలా, రాండమ్ ఫారెస్ట్ (డేటా నుంచి నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ మోడల్) వాడాలా అని అడిగారు. పశ్చిమ కనుమల్లో ఇలాంటి మ్యాపుల మీద కొంతకాలం పనిచేశాను. నన్నడిగితే మోడల్ గొడవ చివర్లో చూసుకోవచ్చు. గతంలో చరియలు ఎక్కడెక్కడ విరిగిపడ్డాయన్న ఇన్వెంటరీ ముందు గట్టిగా ఉండాలి.

జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ) వాళ్ల భూకోష్ పోర్టల్‌లో ఉన్న డేటాతో మొదలుపెట్టండి. కానీ దాన్ని అలాగే దించేసుకుని వాడొద్దు. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలు తెరిచి ఒక్కొక్కటీ చూడండి. కొత్తగా జారిన చోటు టీ తోటల పచ్చదనం మధ్య ఎర్రటి చారలా కనిపిస్తుంది. పైన వెడల్పుగా, గుర్రపు నాడా ఆకారంలో మొదలై, కిందికి సన్నబడి వాగులో కలుస్తుంది. ఒకటి రెండు వర్షాకాలాలు పోతే గడ్డి కమ్మేస్తుంది, ఇక దొరకదు. మొక్కలు పీకేసిన తోట, క్వారీ, కొత్త రోడ్డు కటింగ్ కూడా పైనుంచి అచ్చం అలాగే ఉంటాయి. దారి నేరుగా అక్కడికే వెళ్తోందంటే అనుమానించండి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. మట్టి జారిన మొత్తం మేరనీ పాలిగాన్‌గా గీసి మోడల్‌కి ఇస్తారు. అందులో సగానికి పైగా బురద పారిన దారే ఉంటుంది. అప్పుడు వాగు పక్కన చదునుగా ఉన్న నేల కూడా జారే గుణం ఉన్నదని లెక్కలో తేలుతుంది. జారడం మొదలైన పైభాగం మాత్రమే తీసుకోండి. అలాగే పోలిక కోసం మోడల్‌కి ఇచ్చే జారని చోట్ల పాయింట్లు మైదానంలోంచి, పొలాల్లోంచి ఏరితే ఏయూసీ (మోడల్ ఎంత బాగా గుర్తిస్తోందో చెప్పే స్కోరు, గరిష్ఠం 1) 0.95 వచ్చేస్తుంది, గైడ్ గారు సంతోషిస్తారు. కానీ ఆ మోడల్‌కి తెలిసిందల్లా కొండకీ పొలానికీ తేడా మాత్రమే.

ఇక ఏహెచ్‌పీ. హిమాలయాల మీద రాసిన పేపర్లోంచి తెచ్చిన వెయిట్లు ఇక్కడ పనికిరావు. ముందు ఫ్రీక్వెన్సీ రేషియో (జారిన చోట్లలో ఒక తరగతి వాటాని, మొత్తం విస్తీర్ణంలో దాని వాటాతో భాగించడం) చేయండి. ఒక వాలు తరగతి మొత్తం విస్తీర్ణంలో 10 శాతమే ఉండి, జారిన చోట్లలో 30 శాతం అందులోనే ఉంటే విలువ 3. ఎక్సెల్‌లో అయిపోతుంది, ఏది ఎందుకు వచ్చిందో కళ్లకు కనిపిస్తుంది. తర్వాత కావాలంటే రాండమ్ ఫారెస్ట్‌కి వెళ్లండి. పాయింట్లను ఎడాపెడా మోడల్ కట్టడానికి 70 శాతం, పరీక్షకి 30 శాతంగా విడగొట్టే బదులు, 2018 వానల్లో జారినవాటితో మోడల్ కట్టి 2019లో జారినవాటితో సరిచూడండి. వయనాడ్‌లోని పుత్తుమల 2019 ఆగస్టు 8న జారింది, మీ మోడల్ దాన్ని పట్టుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది.

డీఈఎం మార్చాలనిపిస్తే ఒక్క మాట: ఆలోస్ పాల్సార్ పేరుతో ఉచితంగా దొరికే 12.5 మీటర్లది అక్కడ ఎక్కువగా ఎస్‌ఆర్‌టీఎం (స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన పాత డీఈఎం) డేటానే చిన్న పిక్సెళ్లుగా మార్చింది. కొత్త సమాచారం ఏమీ ఉండదు. కోపర్నికస్ 30 మీటర్లది నయం. దేంట్లోనైనా రోడ్డు కోసం తవ్విన నిలువు గోడలు కనపడవు, కాబట్టి రోడ్డు దూరాన్ని విడిగా ఒక లేయర్‌గా పెట్టండి.

మ్యాప్ తయారయ్యాక వయనాడ్‌లోని ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద జూమ్ చేసి చూడండి. 2024 జులై 30న పైన సుమారు 1,550 మీటర్ల ఎత్తులో జారిన మట్టి, రాళ్లు దాదాపు 8 కిలోమీటర్లు పారాయి. కింద ఏటి ఒడ్డున ఉన్న ఇళ్ల నేల వాలు తక్కువ కాబట్టి మీ మ్యాప్‌లో అక్కడ ప్రమాదం తక్కువని చెప్పే ఆకుపచ్చ రంగే రావచ్చు. ఇలాంటి ససెప్టిబిలిటీ (జారే అవకాశం) మ్యాప్ చరియ ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది గానీ ఎంతదాకా వస్తుందో చెప్పదు. అందుకని ఎర్ర జోన్ల నుంచి కిందికి ఫ్లో-ఆర్ సాఫ్ట్‌వేర్ గానీ, సాగా అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లోని గ్రావిటేషనల్ ప్రాసెస్ పాత్ టూల్ గానీ నడిపి రనౌట్ (జారినది పారే మేర) లేయర్ ఒకటి జతచేయండి. రెండూ ఉచితమే, మీ దగ్గరున్న డీఈఎంతోనే మొదలుపెట్టొచ్చు.