షాటో పోంతే-కానే 2007 వైన్ సీసాపై సేంద్రియ ముద్ర లేకపోవడం

ముద్ర లేనంత మాత్రాన మీ సీసాను నకిలీ అని అనుమానించనక్కరలేదు. 2007 పంటకు అసలు సేంద్రియ ధ్రువీకరణే లేదు.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, పొయ్యాక్‌లో ఉన్న, బోర్డో వైన్ల 1855 వర్గీకరణలో అయిదవ శ్రేణి పొందిన ఈ ద్రాక్షతోటల ఎస్టేట్ 2004లో బయోడైనమిక్ సాగు (సేంద్రియ సాగులో ఒక రకం) మొదలుపెట్టిన మాట నిజమే. అయితే 2007లో తోటలను బూజు తెగులు ముంచెత్తడంతో రసాయనాలు చల్లవలసి వచ్చి, కథ మళ్లీ మొదటికి వచ్చింది. సేంద్రియ సాగుకు మారేందుకు పట్టే మూడేళ్ల మార్పిడి కాలం గడిచాక, 2010 పంటతో ధ్రువీకరణ లభించింది.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఎస్టేట్‌కు ఇప్పుడున్న పత్రాన్ని పాత సీసాలకూ వర్తింపజేస్తారు. ఈ తోటలను గుర్రాలతో దున్నే ఫొటో చూపించి అమ్మేవారు ఈ తేడా చెప్పరు.

1. లేబుల్‌పై ఉన్న సంవత్సరం పంట కోసిన ఏడాది; దానినే చూడండి.
2. అది 2010కి ముందుదైతే ముద్ర కోసం వెతకవద్దు.
3. 2010, 2011 సీసాలలో ధ్రువీకరణ ద్రాక్షకు మాత్రమే. ఐరోపా సమాఖ్య "సేంద్రియ వైన్" అనే మాటను 2012 పంట నుంచే అనుమతించింది.
4. 2012 లేదా ఆ తరువాతి పంట సీసా అయితే, వెనుక లేబుల్‌పై నక్షత్రాలతో గీసిన ఆకు గుర్తు (ఐరోపా సమాఖ్య సేంద్రియ ముద్ర) ఉందేమో చూడండి.