ముప్పై మందికి బ్యాగులా, ఒక్క అమ్మాయి చదువా?

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 58 వేలు చేతికొస్తాయి. అప్పుల్లేవు. మా పాప ఇంటర్ చదువుతోంది. దగ్గర్లోని యానాది కాలనీ పిల్లల చదువుకు నెలకు 3 వేలు ఇవ్వాలనుంది. ఏటా 30 మందికి పుస్తకాలు, బ్యాగులు కొనివ్వాలా, ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయిని చదివించాలా? పన్ను తగ్గుతుందా?

జవాబు: ఆ అమ్మాయిని చదివించండి. పుస్తకాలు, బ్యాగు, బూట్లు గవర్నమెంట్ స్కూల్లో కిట్‌గా ఇస్తున్నారు. బ్యాగు లేక ఆగిన చదువులు తక్కువ. అమ్మానాన్న రొయ్యల గుంటల కాపలాకు వెళ్తే పిల్లలూ వెంట వెళ్తారు, బడి పోతుంది. పది పాసయ్యాక హాస్టల్ ఖర్చు భయపెడుతుంది. మీ డబ్బు అక్కడ నిలబడాలి. ఒక ఇంట్లో మొదటిసారి ఒకరు డిప్లొమా దాకా వెళ్తే, కూలి లెక్క చూసేదీ, బ్యాంకు కాగితం చదివేదీ, తమ్ముణ్ణి బడికి పంపమని పట్టుబట్టేదీ ఆ పిల్లే. ఆ మార్పు ఒక్క ఏడాది సాయంతో రాదు, కాబట్టి కనీసం ఐదారేళ్లకు సిద్ధపడండి.

పది అయ్యేదాకా ట్యూషన్‌కు, ఛార్జీలకు నెలకు వెయ్యి సరిపోవచ్చు. మిగతా 2 వేలు మీ పేరు మీదే బ్యాంకు ఆర్డీలో వేయండి. 24 నెలలకు అసలే 48 వేలవుతుంది. పాలిటెక్నిక్‌లో చేరేటప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. ఇంట్లో ఉండి చదవడం కుదరకపోతే కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు కోసం అడగండి, అక్కడ వసతి, భోజనం ఉచితం.

పన్ను సంగతి: నేరుగా ఆ అమ్మాయికి ఖర్చు పెడితే మినహాయింపు రాదు. గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఇస్తే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే వస్తుంది. 2 వేలు దాటి నగదుగా ఇచ్చింది లెక్కలోకి రాదు. పన్ను కోసమే ట్రస్టు దారి పట్టొద్దు.

మీ పాప పై చదువుల డబ్బు ఇందులో కలపకండి. మీకు టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే ముందు అది తీసుకోండి, మీకేమైనా అయినా ఇద్దరి చదువూ సాగాలి.

ఆ అమ్మాయి చేత ఈ ఏడాదే కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయించండి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపుంటేనే అర్హత ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేలు వస్తుంది. యానాది కుటుంబాల్లో చాలామందికి సరైన కాగితాలే ఉండవు. కాబట్టి ఈ వారమే వాళ్లమ్మను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లి ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాల సంగతి చూడండి.