ఇంట్లో కుక్కని పెంచితే ఆరోగ్యానికి నిజంగా మంచిదేనా?

మంచిదే, మా నాన్న దగ్గర కళ్లారా చూశాను. అమ్మ పోయాక కావలిలో ఇల్లు కదలని మనిషి, ఇప్పుడు తెల్లారకముందే కుక్క వచ్చి పంచె కొస పట్టుకుని లాగుతుంటే లేచి చెరువుకట్ట దాకా నడిచొస్తున్నారు, దారిలో టీకొట్టు దగ్గర నలుగురితో మాట్లాడుతున్నారు కూడా. నన్నడిగితే సగం మేలు ఆ నడకలో, ఆ మాటల్లోనే ఉంది. కుక్కని నిమురుతుంటే మనలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని పరిశోధనల్లో కనిపించింది, టెన్షన్ తగ్గుతుంది. కుక్కల్ని పెంచేవాళ్లకి గుండెజబ్బుల ముప్పు తక్కువగా ఉండొచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో చెప్పింది, అలాగని బీపీ మాత్రలు మానేయకండి. కుక్కకి ఏటా రేబిస్ టీకా వేయించండి, కరిచినా గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.