గెకో గుడ్లు పాడైంది బూజు వల్ల కాదు, తిప్పడం వల్ల

ప్రశ్న: కోడిగుడ్లు పొదిగించడానికి ఇంట్లో చేసుకున్న థర్మాకోల్ ఇంక్యుబేటర్‌లోనే మా పెంపుడు లెపర్డ్ గెకోల (ఇళ్లలో పెంచుకునే ఒక రకం బల్లుల) గుడ్లు పెట్టాను. 60 వాట్ల బల్బు, మూతకు వేలాడే థర్మామీటర్ ఉన్నాయి. వేడి 32 డిగ్రీలకు తగ్గించాను. రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పుతూ, రెండు పూటలా నీళ్లు స్ప్రే చేశాను. ఎనిమిదిలో ఆరు గుడ్లు రెండు వారాలకే లొట్టపడి బూజు పట్టాయి. బూజు మందు కొట్టమని షాపులో చెప్పారు. ఏ మందు, ఎంత మోతాదులో కొట్టాలి?

జవాబు: ఏ మందూ వద్దు. మీరు బూజును రోగం అనుకుంటున్నారు గానీ, ఆరోగ్యంగా ఉన్న గుడ్డును అది అంత తేలిగ్గా పట్టదు. లోపల పిండం చనిపోయాకో, అసలు పిండమే కట్టని గుడ్డు అయితేనో పైన బూజు వస్తుంది. మీ విషయంలో నా అనుమానం ముందు తిప్పడం మీద, ఆ తర్వాత స్ప్రే మీద.

కోడిగుడ్డును తిప్పకపోతే పిల్ల రావడం కష్టం, బల్లి గుడ్డును తిప్పితే పిల్ల రావడం కష్టం. కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే తెల్లటి తాళ్లలాంటివి మీరు చూసే ఉంటారు. సరీసృపాల గుడ్లలో అవి ఉండవు. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పైభాగాన లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆ తర్వాత తలకిందులు చేస్తే ఆ అతుకు తెగుతుంది, లేదా పచ్చసొన బరువు పిండం మీద పడుతుంది. మీరు రోజుకు మూడుసార్లు చేసింది అదే. ఇకమీదట గుడ్డు కనబడగానే, కదిలించకముందే, మెత్తటి పెన్సిల్‌తో పైన చిన్న గుర్తు పెట్టండి. పిల్ల వచ్చేదాకా ఆ గుర్తు పైకే ఉండాలి.

ఇక స్ప్రే. ఈ గుడ్లకు కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు, తోలులాంటి పొర ఉంటుంది, దాని గుండా తేమ లోపలికి పోతుంది. అందుకే పెరిగేకొద్దీ గుడ్డు ఉబ్బి బరువెక్కుతుంది. నీటిని పీల్చే గుడ్డు ఆ నీటిలో కలిపిన మందును కూడా పీలుస్తుంది కదా! ఈ ఒక్క మాట ఆలోచించకుండా మందు డబ్బా చేతిలో పెట్టే దుకాణాల సలహా దయచేసి వినకండి. పంటకు చేసే పనే గుడ్డుకూ చేయమంటున్నారు. క్రిములు చావడానికి కోడిగుడ్లకు పట్టే ఫార్మలిన్ మందు పొగ కూడా వీటి దగ్గరికి రానివ్వద్దు.

నీళ్లు చల్లడం మానేసి, తూకం వేయడం మొదలుపెట్టండి. 100 గ్రాముల వర్మిక్యులైట్‌కు (తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) 100 గ్రాముల నీళ్లు, బరువుతోనే, గిన్నె కొలతతో కాదు. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి రాకూడదు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో 5 సెంటీమీటర్ల మందాన పరిచి, గుడ్డు సగం దిగేలా గుంట చేసి పెట్టండి. మూతకు మూడు నాలుగు సూది రంధ్రాలు చాలు. గుడ్లతో సహా డబ్బాను తూచి ఆ బరువు మూత మీదే రాసుకోండి. వారానికోసారి మూత తీసి ఒక నిమిషం గాలి ఆడనిచ్చి మళ్లీ తూచండి. ఎన్ని గ్రాములు తగ్గితే అన్ని గ్రాముల గోరువెచ్చని నీళ్లు డబ్బా అంచు వెంట పోయండి, గుడ్ల మీద కాదు. గుడ్డు పీల్చిన నీరు డబ్బాలోనే ఉంటుంది కాబట్టి తగ్గిన బరువంతా బయటికి పోయిన తేమే.

బల్బు తీసేయండి. వెలుతురు ఈ గుడ్లకు అక్కర్లేదు, పైగా ఒకచోట కాల్చి మిగతా చోట ఆరబెడుతుంది. మీ థర్మామీటర్ చూపిన 32 మూత దగ్గరి వేడి, గుడ్ల దగ్గర ఎంతో మీకూ తెలియదు. థర్మాకోల్ పెట్టెలో ప్లాస్టిక్ టబ్బు పెట్టి 10 సెంటీమీటర్ల నీళ్లు పోసి, అక్వేరియం హీటర్ పూర్తిగా మునిగేలా ఉంచండి. రెండు ఇటుకల మీద, నీటికి పైన, గుడ్ల డబ్బా. పెట్టె మూత కాస్త వాలుగా ఉంటే ఆవిరి చుక్కలు డబ్బా మీద పడకుండా పక్కకు జారతాయి. హీటర్ మీద ఉండే అంకెలను నమ్మకుండా విడిగా డిజిటల్ థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ను ఆపి, మళ్లీ వేసే పరికరం) పెట్టి, దాని సెన్సర్‌ను డబ్బాలో గుడ్ల ఎత్తులోనే ఉంచండి. గుడ్లు పెట్టే ముందు 48 గంటలు ఖాళీగా నడిపి చూడాలి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయడం మర్చిపోవద్దు.

వేడి 28 నుంచి 30 మధ్య ఉంచండి, సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా ఈ వేడే తేలుస్తుంది: 26 దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32.5 దగ్గర మగవి ఎక్కువ, 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ. కానీ అక్కడ పిండాలు చనిపోయే ప్రమాదం కూడా ఎక్కువే, ఆ జోలికి పోకండి. కరెంటు పోయిందని టెన్షన్ పడొద్దు. టబ్బులోని నీళ్లు వేడిని కొన్ని గంటలు పట్టి ఉంచుతాయి, గుడ్డు కూడా కాసేపు చల్లబడితే తట్టుకుంటుంది గానీ, ఎక్కువ వేడికి తట్టుకోదు.

తల్లులకు కాల్షియం, విటమిన్ డి3 పొడి అందుతోందా అన్నది మీరు రాయలేదు, చూసుకోండి, పొర పలచన కావడానికి అది పెద్ద కారణం.

మిగిలిన రెండు గుడ్లను పారేయకండి. ఈ రాత్రే, చీకట్లో, ఉన్నచోటి నుంచి కదపకుండా పక్క నుంచి చిన్న ఎల్ఈడీ టార్చి వేసి చూడండి. లోపల గులాబీ రంగు, ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే, ఉన్న వైపే పైన ఉంచి కొత్త డబ్బాలోకి మార్చండి. ఉత్త పసుపుగా ఉంటే మరో వారం ఆగి మళ్లీ చూడండి. పిల్ల వచ్చే ఒకటి రెండు రోజుల ముందు గుడ్డు చెమర్చి లొట్టపడుతుంది, అప్పుడు కంగారుపడి కోయవద్దు. చీల్చుకున్నాక కూడా పచ్చసొన లోపలికి పీల్చుకునేదాకా, ఒక రోజైనా పట్టనీయండి, చేత్తో లాగకండి.