ఇంటర్వ్యూలో ‘కుడ్’ అనే ముందు

చిన్నా,

నువ్వు ఇంగ్లీష్‌లో రాసి పంపిన ఇంటర్వ్యూ జవాబులు నిదానంగా చదివాను. చేసిన పనులు చాలా బాగున్నాయి, కానీ అవి నువ్వు నిజంగా చేశావో లేదో వినేవాళ్లకు తేలడం లేదు. ఎందుకంటే ప్రతిచోటా ‘కుడ్’ పెట్టేశావు.

బళ్లో అందరికీ ‘కెన్’కి పాస్ట్ టెన్స్ ‘కుడ్’ అని చెప్పి వదిలేస్తారు. అది తప్పు కాదు గానీ సగం మాటే. ఒకప్పుడు నీకు ఆ సత్తా ఉండేదని ‘కుడ్’ చెబుతుంది, అంతేగానీ ఫలానా రోజున ఆ పని చేసి చూపించావని చెప్పదు. ‘ఐ కుడ్ స్విమ్ వెన్ ఐ వజ్ సిక్స్’ అంటే ఆరేళ్లప్పటికే నీకు ఈత వచ్చు, వాక్యం చక్కగా ఉంది. అదే పడవ బోల్తా పడ్డ రోజు ఈదుకుంటూ గట్టుకు చేరావని చెప్పాలంటే మాత్రం ‘ఐ వజ్ ఏబుల్ టు స్విమ్ టు ద షోర్’ అనాలి. ఈ తేడా తెలుగులో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ‘ఈదగలిగేవాణ్ణి’ అని నోటికొస్తే కుడ్, ‘ఈదగలిగాను’ అని వస్తే వజ్ ఏబుల్ టు. టెన్షన్‌లో రూల్ వెతుక్కునే కన్నా మనసులో ఆ తెలుగు క్రియ ఒకసారి అనుకో, చాలు.

ఇప్పుడు నీ వాక్యమే చూద్దాం. ‘ద సర్వర్ వెంట్ డౌన్ అండ్ ఐ కుడ్ ఫిక్స్ ఇట్ ఇన్ ఏన్ అవర్’ అని రాశావు. వినేవాళ్లకు ‘కావాలంటే గంటలో బాగుచేయగలను’ అన్నట్టు కూడా వినిపిస్తుంది, ఎందుకంటే ‘కుడ్’ ఇప్పటి అవకాశానికీ వాడతారు. ‘ఐ వజ్ ఏబుల్ టు ఫిక్స్ ఇట్’ అంటే ఆ అనుమానం ఉండదు. నన్నడిగితే ఇంకా సూటిగా ‘ఐ ఫిక్స్‌డ్ ఇట్ ఇన్ ఏన్ అవర్’ అనేయ్. చేసిన పనిని చేశానని చెప్పడానికి ఇంకో క్రియ సాయం ఎందుకు? ‘మేనేజ్‌డ్ టు’ కూడా ఉంది గానీ అందులో నానా తంటాలు పడి ఎలాగో గట్టెక్కానన్న ధ్వని ఉంటుంది. ‘ఐ మేనేజ్‌డ్ టు ఓపెన్ ద ఫైల్’ అంటే ఆ ఫైల్ మొరాయించిందనే అర్థం. నిజంగా కష్టపడ్డ చోటే వాడు, ప్రతి జవాబులో వద్దు.

కాలేదు అని చెప్పడానికైతే ఈ గొడవే లేదు, ‘కుడ్ నాట్’ ఎక్కడైనా సరిపోతుంది. చూడటం, వినడం, అర్థం కావడం, గుర్తుండటం లాంటి వాటికి ఒక్కసారి జరిగినదైనా ‘కుడ్’ బాగానే ఉంటుంది: ‘ఐ కుడ్ హియర్ ద అలారమ్.’

ప్రశ్న అడిగేటప్పుడు జాగ్రత్త. ‘కుడ్ యు సెండ్ ద రిపోర్ట్?’ అని అడిగితే అవతలివాళ్లు అది రిక్వెస్ట్ అనుకుని రిపోర్ట్ పంపేస్తారు. పంపగలిగారా లేదా అని తెలుసుకోవాలంటే ‘వర్ యు ఏబుల్ టు సెండ్ ద రిపోర్ట్?’ అను.

ఇక రెండో పేజీలో ‘ఐ కుడ్ హావ్ రెడ్యూస్‌డ్ ద కాస్ట్’ అని రాశావే, అది చూసి నాకు నిజంగా బాధేసింది. దాని అర్థం ‘తగ్గించగలిగేవాణ్ణే, కానీ తగ్గించలేదు’ అని! నువ్వు ఖర్చు తగ్గించి చూపించావు కదా, ఆ ఘనత నువ్వే చేజేతులా వదులుకుంటే ఎలా? ‘కుడ్ హావ్’ని చేజారిన అవకాశాల కోసం ఉంచు. ఒక్కోసారి అదే కావాలి కూడా, ‘ఇంకేం చేసి ఉండొచ్చు’ అని వాళ్లు అడిగినప్పుడు.

‘కుడ్ ఏబుల్ టు’ మాత్రం నోట్లోంచి రానివ్వకు. చాలామంది అలవాటుగా అనేస్తారు, అది ఎక్కడా కుదరదు. అలాగే ‘కుడ్’ తర్వాత ‘గో’ వస్తుంది, ‘వెంట్’ రాదు.

సర్వర్ జవాబు, ఖర్చు జవాబు ఈ రెండూ తిరగరాసి, పైకి చదివి రికార్డ్ చేసి నాకు పంపు. మిగతావి ఆ తర్వాత చూద్దాం.

— పెద్దమ్మ