ఇంటర్వ్యూలో అడిగినంతవరకే చెప్పండి

నమస్తే అండీ. అకౌంటెంట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో జీఎస్‌టీఆర్-3బి (అమ్మకాలు, కట్టాల్సిన పన్ను లెక్క చూపే జీఎస్‌టీ రిటర్ను) గడువు ఎప్పుడని అడిగితే, 2017 జులైలో జీఎస్‌టీ మొదలైన దగ్గర్నుంచి ఎత్తుకున్నానని రాశారు. మీకు విషయం తెలుసు, ఆగడమే రాలేదు. "నెలనెలా దాఖలు చేసేవారికి మరుసటి నెల 20" అని చెప్పి ఆపేయండి. మూడు నెలలకోసారి దాఖలు చేసేవారి సంగతి అడిగితే అప్పుడు చెప్పవచ్చు, మన రెండు రాష్ట్రాలకూ 22 అని. అడగకముందే మినహాయింపులన్నీ ఏకరువు పెడితే అసలు తేదీ గుర్తులేదేమోనన్న అనుమానం వస్తుంది.

పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్న చోటే అసలు చిక్కు. "అక్కడ బిల్లింగ్ ఒక్కటే ఉండేది, రిటర్నుల పని కూడా చేయాలని ఉంది." నిజం అదే అయితే ఇంత చాలు. పాత మేనేజరు పురాణం విప్పారంటే రామాయణంలో పిడకల వేటే! జవాబు అయ్యాక అవతల మౌనంగా ఉంటే కంగారుపడి మళ్లీ మొదలుపెట్టకండి. బహుశా రాసుకుంటూ ఉంటారు. జీతం ఎంత కావాలంటే అంకె చెప్పండి, ఇంటి అద్దె గొడవ వద్దు.

"ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌లో (కొనుగోళ్లపై కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే మొత్తంలో) తేడా వస్తే ఎలా పట్టుకుంటారు?" అంటే మాత్రం ఒక్క ముక్కలో తేల్చకండి. జీఎస్‌టీఆర్-2బిని (అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే పట్టికను) కొనుగోళ్ల రిజిస్టరుతో బిల్లు బిల్లుకూ సరిచూసే తీరు వివరంగా చెప్పండి.